ఆకాశం నుంచి వచ్చిన జూనియర్ అసిస్టెంటు

పెదరావులపాలెం మునిసిపాలిటీ కంప్యూటరు ప్రకారం లోవకుమారి ఇంకా పుట్టలేదు. రెండు వేల ముప్ఫైలో పుడుతుంది. ఆడశిశువు, సుఖప్రసవం. ఇంతటి శుభవార్త ఇంత ముందుగా అందించిన మునిసిపాలిటీ రాష్ట్రంలో ఇంకొకటి ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ వార్త బయటపడేనాటికి లోవకుమారికి ఇరవయ్యేడేళ్లు. పెళ్లయి నాలుగు నెలలు కూడా అయింది.

ఆవిడ మొగుడు గుత్తుల విశ్వకిరణ్. అందరూ కిరణ్ అంటారు. అదే మునిసిపాలిటీలో జనన మరణ విభాగంలో జూనియర్ అసిస్టెంటు. ఊళ్లో ఎవరు భూమ్మీద పడ్డా, ఎవరు భూమిని వదిలిపెట్టినా అతని బల్ల దాటి పోవాల్సిందే. అలాంటివాడి పెళ్లామే పుట్టలేదని తేలేసరికి పాపం తల కొట్టేసినట్టయింది.

లోవకుమారి స్టాఫ్ నర్సు. ఉద్యోగం ఎక్కడో ఏజెన్సీ కొండల్లో, గుమ్మడికోట ఆసుపత్రిలో. మొగుడేమో కాలవ గట్టున, పెళ్లామేమో కొండ మీద. మధ్యలో రెండు బస్సులు, ఒక జీపు, ఆ జీపు దొరక్కపోతే కాళ్లు. నెలకోసారి కలుసుకునేసరికి చెప్పుకోవాలనుకున్న కబుర్లలో సగం ఇద్దరూ మర్చిపోయేవాళ్లు. అయితే మన ప్రభుత్వం మరీ రాతిగుండెదేం కాదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగస్తులైతే ఒకే ఊళ్లో వేస్తుంది. పెళ్లి ధ్రువపత్రం ఒకటి చూపిస్తే చాలు. బదిలీల కౌన్సెలింగు దగ్గరపడింది. ఆ పత్రం ఇచ్చేది తన ఆఫీసే, అందులోనూ తన పక్క బల్లే. ఇంక దిగులేముందనుకున్నాడు కిరణ్.

పక్క బల్ల దగ్గర హెడ్ అసిస్టెంటు భాగీరథి గారు ఇద్దరి వివరాలూ కంప్యూటర్లో కొట్టి, కళ్లజోడు పైకి నెట్టి, మళ్లీ కొట్టారు.

"ఏవండీ కిరణ్ గారూ, అమ్మాయి మరీ చిన్నదాండీ?"

"చిన్నదేటండీ, నాకంటే రెండేళ్లే చిన్నది. మా మేనమామ కూతురు గదండీ."

"ఏమోనండి బాబూ, వయసు మైనస్ అయిదని చూపిస్తోంది."

కిరణ్ తొంగి చూశాడు. నిజమే. మైనస్ అయిదు.

"బాల్యవివాహం అయితే కేసు పెట్టొచ్చండి," అన్నారు భాగీరథి గారు ఎంతో సానుభూతిగా. "ఇది బాల్యానికి ముందు వివాహం. దీనికి సెక్షన్ లేదండీ."

పాత రిజిస్టరు తీసి చూస్తే పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది అని కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కానీ కంప్యూటరు వచ్చాక కాగితం చెల్లదని ఉత్తర్వు. కంప్యూటర్లో ఉన్నది దిద్దొచ్చు గదా అంటారేమో, దానికి కమిషనరు వరాహనరసింహం గారు ఎప్పుడో అడ్డుకట్ట వేసేశారు. తప్పును సరిదిద్దుటకు పూర్వము తప్పు చేసినవారెవరో నిర్ధారించవలెను, నిర్ధారణ కానిచో అది తప్పే కాదు అని ఆయన సర్క్యులరు. ఆ సర్క్యులరు వచ్చిన దగ్గర్నుంచి ఆ మునిసిపాలిటీలో ఒక్క తప్పు కూడా జరగలేదు.

వరాహనరసింహం గారిది మంచి మనసే. కాకపోతే ఏ పని తలకెత్తుకున్నా చివరిదాకా మోసుకుపోయే రకం. ఆ నెలలో ఆయన తలకెత్తుకున్నది తెలుగు. పాలనలో తెలుగు పక్షోత్సవాలని పైనుంచి కబురు రావడం తరువాయి, ఫైళ్లలో ఇంగ్లీషు ముక్క కనిపిస్తే ఊరుకునేది లేదన్నారు. ఫ్యాను గాలిమర అయింది, బెల్లు పిలుపుగంట అయింది. అటెండరు అప్పారావు తనని పరిచారకుడు అంటున్నారని తెలిసి రెండ్రోజులు అలిగి, ఎవరికీ టీ తేలేదు.

తప్పు ఎవరిదో తేల్చడానికి హైదరాబాదు నుంచి కంప్యూటర్ల కంపెనీ వాళ్లు ముంతాజ్ అనే ఇంజనీరమ్మాయిని పంపారు. ఆ పిల్ల పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెట్టె విప్పి, లోపల చూసి, మళ్లీ బిగించి కమిషనరు గారి గదిలోకి వచ్చింది. కిరణ్ గోడకి ఆనుకుని చెవులు రిక్కించుకుని నుంచున్నాడు.

"ఎవరూ మార్చలేదు సార్. కంప్యూటరుకి తెలిసింది సున్నా, ఒకటి, అంతే. ఆ సంవత్సరంలో ఒకే ఒక్క సున్నా ఒకటైంది. దాంతో ముప్ఫై రెండేళ్లు ముందుకి పోయింది. ఇలా ఒక్కటే మారిందంటే నా అనుమానం కాస్మిక్ రే మీద."

"ఆయన ఏ శాఖ?" అన్నారు కమిషనరు గారు.

"మనిషి కాదు సార్. ఎక్కడో ఓ నక్షత్రం పేలిపోతుంది. అందులోంచి కణాలు బయల్దేరతాయి. కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి వచ్చి మన గాలిపొరల్ని గుద్దుకుంటాయి. అక్కణ్ణుంచి జల్లులా కిందికి పడతాయి. అందులో ఒకటి పోయి చిప్పుకి తగిలితే సున్నా ఒకటైతది."

"ఆ నక్షత్రము ఇప్పుడెక్కడున్నది?"

"పేలిపోయింది కద సార్."

"పేలిపోయినంత మాత్రాన బాధ్యత తప్పునా?"

ముంతాజ్ నవ్వింది. "ఇప్పుడు మనం మాట్లాడుతుండగా కూడా మన ఒంట్లోంచి దూసుకుపోతనే ఉన్నయ్ సార్."

కమిషనరు గారు ఉలిక్కిపడి తన చొక్కా వంక చూసుకున్నారు. "నా ఒంట్లోంచా? నా అనుమతి లేకుండానా?"

"అందరి ఒంట్లోంచీ. పైకి పోయినకొద్దీ ఎక్కువ. విమానం నడిపేవాళ్లకి మనకంటే ఎక్కువ తగులుతయి. రాకెట్లల్ల అందుకే మూడేసి కంప్యూటర్లు పెడతరు, రెండు ఏది చెప్తే అదే నమ్ముతరు. ప్రాణుల జన్యువుల్లో కూడా అప్పుడప్పుడు ఇట్లనే ఒక అక్షరం మారుతుంది. లక్షల ఏళ్ల నుంచి మనం ఇట్ల తయారవడంలో వాటి చెయ్యి కూడా కొంచెం ఉందంటరు సార్."

"అనగా ఇది వారికి తొలి తప్పిదము కాదన్నమాట," అని కమిషనరు గారు ముఖం గంభీరంగా పెట్టారు.

ముంతాజ్ నివేదిక రాసిచ్చి సాయంత్రం రైలెక్కేసింది. ఇంగ్లీషు నివేదిక ఫైలుకెక్కదు గనక భాగీరథి గారు నిఘంటువు ముందేసుకుని తెలుగులోకి దింపారు. కాస్మిక్ రే అంటే విశ్వకిరణం. ఈ తప్పునకు ఏకైక కారణం విశ్వకిరణం అని ముచ్చటగా టైపు చేసి ప్రింటు తీశారు. అయితే ఆ మాట సరిగ్గా వరస చివర పడింది. కాగితం కాస్త పక్కకి జరిగి, సున్నా కాస్తా అంచు దాటి పోయింది. విశ్వకిరణ అని మిగిలింది.

వరాహనరసింహం గారు తెలుగులో తప్పు సహించే మనిషి కాదు. ‘ణ’ మీద పొల్లు పెట్టడం మరిచారని గ్రహించి, ఆకుపచ్చ సిరాతో స్వహస్తాలతో పొల్లు పెట్టారు.

మర్నాడు కిరణ్ చేతికి సంజాయిషీ నోటీసు వచ్చింది.

"మీరు నక్షత్రమండలము నుండి పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా బయలుదేరి, కార్యాలయ వేళల్లో ప్రధాన ద్వారమును వినియోగించక, పైకప్పు గుండా లోనికి చొరబడి, గణక యంత్రములోని ఒక సున్నాను ఒకటిగా మార్చి, తద్వారా మీ స్వంత భార్యను అజాతను చేసినట్లు నివేదిక వలన తెలియవచ్చుచున్నది. మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపుడు."

కాగితం పట్టుకుని ఒక్క అంగలో కమిషనరు గదిలోకి వెళ్లిపడ్డాడు.

"అయ్యా, నేను స్లాబులోంచి రాలేదండీ. రోజూ మెట్ల మీంచే వస్తానండీ. నక్షత్రమండలం ఏటండీ, మాది కాకినాడ దగ్గరండీ!"

"మెట్ల మీద నుండి వచ్చినట్లు సాక్షులున్నారా?"

"అప్పారావున్నాడు గదండీ!"

"పరిచారకుడు ఆ సమయమున అలుకలో ఉన్నాడు."

"అసలు నేనెందుకు చేస్తానండీ? పోయింది నా పెళ్లామే గదండీ!"

"అదియే ఉద్దేశము," అన్నారు కమిషనరు గారు. "అపరిచితులకెవరికి మీ భార్య జన్మ సంవత్సరముతో పని?"

"అయ్యా, అది విశ్వకిరణమండీ. సున్నా పడలేదండీ. తమరు పొల్లు..."

అతని వెనకే వచ్చిన భాగీరథి గారు చొక్కా పట్టుకు లాగారు. ఆకుపచ్చ సిరాతో పెట్టిన పొల్లు తీసేసే సిరా ఇంకా ఏ శాఖా కనిపెట్టలేదన్నది ఆవిడ సర్వీసులో నేర్చుకున్న మొదటి పాఠం.

సస్పెన్షన్ ఖాయమని ఆఫీసంతా చెవులు కొరుక్కుంది. కిరణ్ కాలవ గట్టు మీద కూర్చుని లోవకుమారికి ఫోను చేశాడు. జరిగిందంతా ఏడుస్తూ చెప్పాడు.

"బావా, ముందు ఏడుపాపు," అంది లోవకుమారి. "ఒప్పేసుకో."

"ఏటి ఒప్పుకునేది? నేను కిరణాన్ననా?"

"ఆయ్. ఆకాశం మీ మునిసిపాలిటీలో ఏ వార్డుకిందకొస్తది? రాదు గదా. ఆకాశం నుంచి వచ్చినోణ్ణి సస్పెండు చెయ్యడానికి మీ కమిషనరెవరు?"

పుట్టనిదైతేనేం, బుర్ర పాదరసం. కిరణ్ ఆవిడ చెప్పినట్టే సంజాయిషీ రాసిచ్చాడు. అయ్యా, నేను విశ్వకిరణ్‌నే. సున్నాను ఒకటి చేసిన మాట వాస్తవం. అయితే నేను విశ్వమంతటికీ చెందినవాడిని, పురపాలక సంఘ పరిధి కాలవ వంతెనతో ఆఖరు, కావున నన్ను శిక్షించే అధికారం తమకు లేదని సవినయంగా మనవి.

అది చదివిన వరాహనరసింహం గారికి ఆనందబాష్పాలు రాలడమొక్కటే తక్కువ. ఇన్నేళ్ల సర్వీసులో ఒక ఉద్యోగి తన తప్పు తాను ఒప్పుకోవడం ఆయన మొదటిసారి చూశారు. ఆ కాగితాన్ని జిల్లాకి పంపారు. జిల్లా రాష్ట్రానికి పంపింది. ఎక్కడికి వెళ్లినా పెద్దలు దాన్ని రెండుసార్లు చదువుకుని, కుర్చీలో వెనక్కి వాలి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారట. తప్పులు ఎన్నయినా ఉంటాయి, ఒప్పుకునేవాడు దొరకడమే కష్టం. ఇప్పుడు దొరికాడు.

సస్పెన్షన్ ఊసే ఎత్తలేదెవరూ. కిరణ్ తేలిగ్గా నవ్వుకుంటూ కమిషనరు గారి దగ్గరికి వెళ్లాడు.

"తప్పు చేసిందెవరో తేలిపోయింది గదండీ. ఇంక మావిడ సంవత్సరం దిద్దించెయ్యండీ. కౌన్సెలింగు వచ్చే వారమండీ."

"అది సాధ్యపడదు," అన్నారు వరాహనరసింహం గారు. "తప్పు చేసినవాడే దాని సవరణ వలన లబ్ధి పొందుట న్యాయవిరుద్ధము. ఇతరులెవరైనా చేసియుండిన పక్షమున వెంటనే దిద్దియుందుము."

కిరణ్ గోడ మీది క్యాలెండరు చూపించాడు.

"ఏల తొందర? రెండు వేల ముప్ఫైలో ఆమె తప్పక జన్మించును. అటుపై పద్దెనిమిది సంవత్సరములు నిండిన మరునాడే పత్రము నేనే స్వయముగా..."

"అప్పటికి నాకు యాభై దాటిపోతాయండీ!"

"వరునికి గరిష్ఠ వయఃపరిమితి చట్టములో లేదు," అని ఓదార్చారు కమిషనరు గారు.

కౌన్సెలింగు వచ్చింది, పోయింది. లోవకుమారి పేరు పిలిచారు, పత్రం లేదన్నారు, తరవాతి పేరు పిలిచారు. ఆ వేళ కిరణ్ అన్నం ముట్టలేదు. వంట చేసుకోవడానికి కూడా చేతులాడలేదు.

ఈలోగా రాష్ట్రం నుంచి అతని మీద మరో ఉత్తర్వు పడింది. ఏ ప్రభుత్వ కార్యాలయమునందైనను కారణము తెలియని తప్పు సంభవించినచో, విశ్వకిరణ్ గారిని పిలిపించుకొనవచ్చును. ఆయన తప్పు జరిగిన స్థలమున హాజరై, తప్పు తొలగునంత వరకు అక్కడనే ఉండవలెను.

మొదట పిలిచింది పక్క మండలం రేషన్ ఆఫీసు. అక్కడ ఒక కుటుంబంలో గేదెని మూడో కూతురుగా రాసేశారు. కిరణ్ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. విశ్వకిరణ్ ప్రభావము అని రాసుకున్నారు, గేదె పేరు కొట్టేశారు, పెసరట్టు ఉప్మా పెట్టించి బస్సెక్కించారు. ఆ తరవాత పరీక్షల ఆఫీసు. పదో తరగతి పిల్ల హాల్ టికెట్ మీద హెడ్మాస్టరు ఫొటో, మీసాలతో సహా. అక్కడా కిరణ్ కూర్చున్నాడు, సరిపోయింది. ఆ పైన రోడ్లు, వంతెనల శాఖ. వాళ్లు చక్కటి వంతెన కట్టారు, దాని కింద కాలవ లేదు. ఇంజనీరు గారు తప్పు తొలగినట్టు రాసుకుని, కిరణ్‌ని ఆ వంతెన మీద నిలబెట్టి దండ వేశారు. "మొత్తానికి కాలవని పక్కకి జరిపేశారన్నమాట, గట్టివారే సార్ తమరు," అని భుజం కూడా తట్టారు.

నెల తిరిగేసరికి కిరణ్‌కి ఊపిరి సలపడం లేదు. ఎక్కడికెళ్లినా గొంతుదాకా మర్యాదలు. కొన్ని ఆఫీసుల వాళ్లు మరీ తెలివి మీరిపోయారు. ఎల్లుండి విశ్వకిరణ్ గారొస్తున్నారు, చేయవలసిన తప్పులుంటే ఈలోగా కానిచ్చేయండని సిబ్బందికి మెమోలిచ్చారు. ఒకచోటయితే ఆయన వచ్చే టైముకి తప్పేమీ తయారుగా లేక, పరువు పోతుందని, అప్పటికప్పుడు ఒక ఊరి పేరు మార్చారు.

ఊరందరి తప్పులూ తనవంటే దిద్దుబాటవుతున్నాయి. తన ఇంటిది మాత్రం కావడం లేదు. ఒకరోజు ఏదో బస్టాండులో కూర్చుని లోవకుమారికి ఫోను చేశాడు.

"లోవా, నీకు దణ్ణం పెడతానే. మీ ఆసుపత్రిలో ఏదో ఒక తప్పు చెయ్యవే. నన్ను పిలిపిస్తారు. ఒక్కరోజయినా కళ్లారా చూసుకుంటాను."

"ఏం మాటలు బావా అవి? నేను తప్పు చేస్తే జొరమొచ్చిన పిల్లోడి ప్రాణం పోద్ది. మందుల్లోనూ సూదుల్లోనూ తప్పు చెయ్యను గాక చెయ్యను. మీ ఆఫీసనుకున్నావేటి?"

కిరణ్‌కి సిగ్గేసింది. "నిజమేలే," అన్నాడు. "పోనీలే లోవా, నెలాఖరుకి వస్తాలే."

"బావా, తప్పు ఎక్కడ చెయ్యాలో నేను చూసుకుంటాను," అని ఫోను పెట్టేసింది.

గుమ్మడికోట ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ సుదర్శనరాజు గారు ప్రతి సోమవారం స్టాఫ్ క్వార్టర్లు తనిఖీ చేస్తారు. ఆ సోమవారం లోవకుమారి క్వార్టరు ముందు ఆయన కాలు ఆగిపోయింది. తలుపు మీద కొత్త బోర్డు. నీలం మీద తెల్ల అక్షరాలు. బజారులో పెయింటరు చేత చక్కగా రాయించింది.

గుత్తుల విశ్వకిరణ్, లోవకుమారి. భార్యాభర్తలు.

"సిస్టర్!" అని కేకేశారు. "ఏమిటిది? ఇది ఒంటరి మహిళలకు కేటాయించిన క్వార్టరు. రికార్డు ప్రకారం మీకు వివాహం కాలేదు. పురపాలక సంఘం నుంచి అందిన సమాచారం ప్రకారం మీరు పుట్టడం కూడా పెండింగులో ఉంది. ప్రభుత్వ ఆవరణలో ప్రభుత్వ తలుపు మీద ఇలాంటి తప్పుడు ప్రకటనా?"

"తప్పేనాండీ డాక్టరు గారూ?" అంది లోవకుమారి, ఎంతో అమాయకంగా.

"ముమ్మాటికీ తప్పే!"

"ఎలా జరిగిందో నాకూ తెలీడం లేదండీ. కొండ మీద ఈ కిరణాలు ఎక్కువ పడతాయంట గదండీ."

సుదర్శనరాజు గారు ఆలోచించారు. బోర్డు ఊరికే పీకేస్తే తప్పు తన హయాంలో జరిగినట్టవుతుంది. సంజాయిషీ తనే రాసుకోవాలి. అంత ఖర్మేమిటి? పిలిస్తే పలికే మనిషి ఉండగా! ఆ సాయంత్రమే పెదరావులపాలేనికి కబురు వెళ్లింది.

కిరణ్ రెండు బస్సులూ జీపూ మారి గుమ్మడికోటలో దిగేసరికి సూపరింటెండెంటు గారు ఉత్తర్వు సిద్ధం చేసి కూర్చున్నారు. "విశ్వకిరణ్ గారూ, ఈ తప్పుకు కారకులు మీరేనా?"

కిరణ్ తలుపు మీది బోర్డు వంక చూశాడు. గుమ్మంలో నుంచున్న పెళ్లాం వంక చూశాడు.

"నేనేనండీ," అన్నాడు. ఇన్ని ఆఫీసుల్లో ఇన్ని సార్లు అన్న మాటే గానీ, నిజం చెప్పడం అదే మొదలు.

"నిబంధన ప్రకారం తప్పు తొలగేంత వరకు మీరు తప్పు జరిగిన చోటే ఉండాలి. తప్పు జరిగింది ఈ తలుపు దగ్గర."

"మరి బోర్డెప్పుడు తీయిస్తారండీ?" అని అడిగింది లోవకుమారి.

"మీరు అవివాహిత అని మునిసిపాలిటీ ధ్రువీకరించాక. పుట్టనివాళ్లకి అలాంటి పత్రం ఇవ్వరట. అడిగాను. కనక మీరు పుట్టేదాకా ఆగాలి." ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "విశ్వకిరణ్ గారికి గుమ్మం బయట మంచం వేయించమంటారా?"

"ఆయనకి గోడలూ తలుపులూ అడ్డం కావంటండీ," అంది లోవకుమారి. "ఎలాగూ లోపలికొచ్చేస్తారు."

అదీ నిజమేనని సూపరింటెండెంటు గారు సంతకం పెట్టేసి, మరో క్వార్టరు తనిఖీకి వెళ్లిపోయారు.

లోవకుమారి సంచి అందుకుంది. కిరణ్ చెప్పులు విప్పుకుంటున్నాడు.

"ఎన్నాళ్లుంటావు బావా?"

"తప్పున్నన్నాళ్లు."

మర్నాడు పొద్దున్నే లోవకుమారి బజారుకెళ్లి పెయింటర్ని వెంటబెట్టుకొచ్చింది. వర్షాలకి చెరిగిపోకుండా ఆ బోర్డుకి ఇంకో రెండు కోటింగులు వేయించింది.